ఓదెమ్మ సైకిలు కొలత

ఎనభై ఆరో సంవత్సరం మిరుగం కార్తె, వానలు మొదలయ్యే నాటికి మా దవాఖాన వరండాలో పదకొండు సైకిళ్లు గోడకు ఆనించి ఉన్నాయి. అన్నీ ఇరవై నాలుగు ఇంచుల మగవాళ్ల సైకిళ్లు. అన్నీ ఆడవాళ్ల కోసం వచ్చినవి. వచ్చి ఏడాది దాటింది. ఒక్క చక్రమూ తిరగలేదు.

పల్లెలు తిరిగే నర్సమ్మలకు సర్కారు సైకిళ్లు ఇచ్చిందని పేపర్లో కూడా పడింది. చీర కట్టుకున్న మనిషి అడ్డంగా ఉన్న ఇనుప కడ్డీ మీదుగా కాలు ఎట్లా వేస్తుందని అడిగినవాడు లేడు. అయిదడుగులు లేని మనిషిని ఇరవై నాలుగు ఇంచుల ఫ్రేము మీద కూర్చోబెడితే కాళ్లు గాలిలో వేలాడతాయని చూసినవాడు లేడు. అదే ధరకు ఎక్కువ ఇనుము వస్తుంది కాబట్టి పెద్దదే మంచిదని ఎవడో ఎక్కడో సంతకం పెట్టాడు. సైకిళ్లు తుప్పు పట్టాయి. ఆడవాళ్లు ఎప్పటిలాగే నడిచారు.

అట్లా నడిచేవాళ్లలో నా భార్య ఓదెమ్మ ఒకతె. బెల్లంపల్లికి పన్నెండు మైళ్ల అవతల మా ఊరు. మా ఊరికి ఇంకా అవతల, వాగు దాటాక, తొమ్మిది ఊళ్లు ఆమెవి. ఉద్యోగం టెంపరరీ. ఆ వానకాలం నాలుగు నెలలూ తొమ్మిది ఊళ్లకు పదిహేను రోజులకోసారి తప్పకుండా పోవాలి. జ్వరం వచ్చిన ప్రతి మనిషి వేలు గుచ్చి, అద్దం ముక్క మీద రక్తం తీసుకొని రావాలి. అట్లా చేస్తే దసరాకు పర్మనెంటు, ఒక్క ఊరు తప్పినా ఇంటికి. ఆ మాట కాగితం మీద రాసి ఇచ్చారు.

నన్ను అంతకు రెండేళ్ల ముందే ఇంటికి పంపారు. మలేరియా మందు కొట్టే కూలీగా ఉంటూ ఒక ఆఫీసరును గదిలో ఉంచి గొళ్లెం పెట్టినందుకు. అప్పటి నుంచి దవాఖాన కింది ఉద్యోగుల సంఘానికి సెక్రెటరీని. జీతం లేని కొలువు. ఇల్లు ఓదెమ్మ కాళ్ల మీద నడిచేది.

మిరుగం మరునాడే ధర్నా పెట్టాను. పదకొండు మంది నర్సమ్మలు, ఊడ్చేవాళ్లు నలుగురు, నేను. డాక్టరు సీతారాంరావు బయటికి వచ్చాడు. పొట్టి మనిషి, గుండ్రటి మనిషి, చెడ్డవాడు కాదు. చెడ్డవాడు కాకపోవడం వల్లే అతనితో కొట్లాడటం ఎప్పుడూ కష్టంగా ఉండేది.

"ఏం కొండల్, మళ్ల ఏం మోపైంది?"

"సైకిళ్లు మార్చాలె సార్. లేడీస్ సైకిళ్లు కావాలె. అవి గూడ ఎవరి కొలతకు వాళ్లకు."

"కొలత ఏందయ్యా? సైకిలా, జాకెట్టా?"

ఊడ్చేవాళ్లు నవ్వారు. భైంసా నుంచి వచ్చిన జానకీబాయి, నర్సమ్మలందరిలో పొడుగు మనిషి, కూర్చున్న చోటి నుంచే అందుకుంది. "జాకెట్టు పెద్దగైతే కుట్టు ఏసుకుంటం సార్. సైకిలు పెద్దగైతే పండ్లు రాలుతయి."

నేను గోడ దగ్గర నుంచి ఒక సైకిలు తీసి, దుమ్ము దులిపి, చక్రాలకు గాలి కొట్టించి డాక్టరు ముందు నిలబెట్టాను. "మీరు ఎక్కుండ్రి సార్. గేటు దాక పోయి, ఆగి, కాలు కింద పెట్టుండ్రి. మేము లేచి పోతం."

డాక్టరుకు రోషం వచ్చింది. ప్యాంటు అంచు మడిచి, మెట్టు మీద నిలబడి ఎక్కాడు. పోయాడు. బాగానే పోయాడు. ఆగడం రాలేదు. దవాఖాన ముందంతా కొత్తగా పరిచిన మొరం, ఎర్ర కంకర. బ్రేకు పడితే చక్రం జారుతుంది, కాలు దించుదామంటే నేల జానెడు కింద ఉంది. జెండా గద్దె చుట్టూ మూడు చుట్లు తిరిగాడు. నాలుగో చుట్టులో, "అరే, పట్టుకోండ్రిరా!" అన్నాడు. పట్టుకున్నాం. దిగి చెమట తుడుచుకున్నాడు.

"రాయి," అన్నాడు చివరికి. "ఒక్కొక్కరి కొలత రాసి పట్టుకరా. పైకి నేను పంపిస్త. సరిగ్గ రాయి కొండల్, తప్పు పోయిందంటే మళ్ల మార్చరు."

నేను గెలిచిన కొట్లాటలు తక్కువ. వాటిలో అది ఒకటి.

కొలత ఎవరు తీయాలన్నది ఆ తర్వాత వచ్చిన చిక్కు. దర్జీ జాకెట్టు కొలుస్తాడు గాని, ఆడమనిషి కాలు లోపలి వైపు మడమ నుంచి పైదాకా కొలవడం మా ఊళ్లో ఏ మగవాడి పనీ కాదు. సైకిల్ షాపు నజీరుద్దీన్‌ను అడిగితే రెండు చెవులూ పట్టుకున్నాడు.

"తోబా, కొండలన్నా. నన్ను ఊళ్లె ఉండనియ్యవా?" అన్నాడు. తర్వాత షాపు వెనక వేలాడే తెర వైపు చూశాడు. "అమ్మీని అడుగుత ఉండు."

అతని తల్లి ఉమ్రావ్ బేగం. భర్త ఫజలుద్దీన్ పోయాక ఇరవై ఏళ్లు ఆ తెర వెనకే కూర్చొని షాపు నడిపిన మనిషి. వంకరపోయిన చక్రాలు, తెగిన చైన్లు లోపలి వాకిట్లోకి పోయి బాగై బయటికి వచ్చేవి. సైకిలు జన్మలో ఎక్కలేదు. అడుగుల చప్పుడు విని ఎవరికి ఏ సైకిలు కిరాయికి ఇవ్వాలో చెప్పేదని నజీరు అనేవాడు. అది నేను నమ్మను. కాని ఆమె చెప్పి ఇప్పించిన సైకిలు కుదరలేదని ఎవరూ వాపసు తేలేదు.

ఆదివారం పదకొండు మందీ లోపలికి పోయారు. నేను, నజీరు బయట బల్ల మీద కూర్చున్నాం. నా చేతిలో తెల్ల కాగితం, పెన్ను. తెర అవతల ఒకటే నవ్వులు.

"ఏ బేటీ, సీదా నిలవడు. చెప్పులు ఎందుకు ఇడిసినవ్?"

"ఇంట్లకు చెప్పులెట్ల తెస్త అమ్మీ?"

"తొక్కేటప్పుడు చెప్పులుంటయా, ఉండయా?"

"వానకాలం బురదల జారుతయని చేతుల పట్టుకుంట."

"అయితే మంచిగనే ఇడిసినవ్. ఎట్ల తొక్కుతవో గట్లనే కొలుస్త."

నూలుదారం కొసను మడమ కింద తొక్కిపెట్టించి, పైదాకా లాగి, అక్కడ ముడి వేసేది. తర్వాత సీటు కొసకు మోచెయ్యి ఆనించమని, వేళ్లు హ్యాండిలుకు అందుతున్నాయో లేదో చూసేది. మనిషికో దారం, దారానికో తీరు ముడి. ఆమెకు చదువు రాదు. ముడి చూసి మనిషిని గుర్తుపట్టేది. కొలత అయ్యాక పేరు, అంకె ఉర్దూలో గట్టిగా చెప్పేది. నేను తెలుగులో రాసుకునేవాణ్ణి.

"జానకీబాయి! బాయీస్!"

ఇరవై రెండు అని రాశాను.

"అమ్మీ, ఇంకింత పెద్దది చెప్పరాదూ," జానకీబాయి గొంతు. "గింత పొడుగున్న, చిన్న సైకిలెక్కితే జనం నవ్వరా?"

"డాంబరు రోడ్డు మీద తిరిగేదానివైతే పెద్దది చెప్పుదును. నువ్వు తిరిగేది మొరం మీద. వెనక డబ్బా బరువొకటి. సీటు మీద కూసోని కాలు భూమికి పెడితే పాదం ఆనాలె. గదే నీ కొలత. కంకర మీద సైకిలు నడిపేది కాదు బేటీ, ఆపేది చూస్కోవాలె."

తొమ్మిదో మనిషి ఓదెమ్మ.

"గీమె ఎవరు? పిట్టంత ఉన్నది. ఏం తింటవ్ బిడ్డా?"

"కొండల్ పెండ్లాం అమ్మీ," ఎవరో అన్నారు. "మీటింగులు తింటది."

నవ్వులు ఆగేదాకా నేనూ నవ్వాను.

"బీస్!" అన్నది ఉమ్రావ్ బేగం. "గా బీస్ గూడ సీటు పూరా దించాలె. ఇంతకు ఎక్కువ ఒద్దు. కొండల్, విన్నవా?"

"విన్న అమ్మీ."

విన్నాను. ఇరవై అని విని ఇరవై రెండు అని రాశాను.

నా సైకిలు ఆ ఎండాకాలం ఒక ధర్నాలో పోలీసులు లారీలో వేసుకొని పోయారు, మళ్లీ రాలేదు. ముప్పై ఊళ్లలో సంఘం పని. ఇరవై ఇంచుల సైకిలు నేను తొక్కితే మోకాళ్లు హ్యాండిలుకు తగులుతాయి. ఇరవై రెండైతే సీటు లేపుకొని తొక్కవచ్చు. ఇంటికి వచ్చేది ఒక్కటే సైకిలు, ఇద్దరికీ పనికి రావాలి. రెండు ఇంచులే కదా. ఇవన్నీ తర్వాత అనుకున్న మాటలు. రాసేటప్పుడు ఏమీ అనుకోలేదు, చెయ్యి రాసేసింది. నజీరు కాగితం వైపు చూశాడు, నా వైపు చూశాడు. లేచి పోయి ఎవరిదో టైరుకు గాలి కొట్టడం మొదలుపెట్టాడు.

కొత్త సైకిళ్లు శ్రావణంలో వచ్చాయి. నల్లటివి, కడ్డీ వంగి కిందికి ఉన్నవి, చీర పడకుండా వెనక చక్రానికి జాలీ ఉన్నవి. బడి ముందరి జాగాలో ఓదెమ్మ తప్ప మిగతా పది మందీ వారం రోజుల్లో నేర్చుకున్నారు. జానకీబాయి నాలుగో నాడే బజారు నడిమి నుంచి బెల్లు కొట్టుకుంటూ పోయింది. హోటల్లో కూర్చున్నవాళ్లు చాయ్ గ్లాసులు పట్టుకొని బయటికి వచ్చి చూశారు.

ఓదెమ్మకు నడపడం వచ్చింది. ఆపడం రాలేదు. సీటు ఫ్రేముకు ఆనేదాకా దించినా బొటనవేలి కొస మాత్రమే నేలకు అందేది. ఆగాలంటే ముందుగానే ఒక గట్టో బండో మైలురాయో చూసుకోవాలి. అవి లేనిచోట దూకాలి. దూకితే సైకిలు ఒక పక్క, మనిషి ఒక పక్క. నెల తిరిగేసరికి రెండు మోకాళ్లూ చెక్కుకుపోయి ఉన్నాయి. ఎక్కువ దూరం సైకిలును తోసుకుంటూనే పోయేది. ఉత్తగా నడవడం కంటే సైకిలును తోస్తూ నడవడం కష్టం. మధ్యాహ్నం దాటాక వచ్చి, సైకిలు గోడకు ఆనించి, దాని పక్కనే నేల మీద కూర్చుండిపోయేది.

"నా కాళ్లే పొట్టియి," అన్నది ఒకనాడు, మోకాలికి పసుపు అద్దుకుంటూ. "అందరికి కుదిరినయి. నాకే కుదరలే. అమ్మీ నన్నే ఎట్ల తప్పు కొలిచిందో."

"అలవాటైతే అదే వస్తది," అన్నాను.

అలవాటు నాకు అయింది. ఆమె దవాఖానలో కూర్చొని రిపోర్టులు రాసే రోజుల్లో సైకిలు నేను తీసుకుపోయేవాణ్ణి. పానాతో బోల్టు వదులు చేసి, సీటు నాలుగు వేళ్లు లేపి, మళ్లీ బిగించి. వచ్చాక దించడం మర్చిపోయేవాణ్ణి.

"మళ్ల సీటు లేపినవా?"

"పొద్దుగాల దించుత."

"నేను అయిదింటికే పోవాలె."

ఆమే పానా తీసుకొని దించుకునేది. నేను మంచం మీద పడుకొని బోల్టు కిర్రుమనడం వినేవాణ్ణి. ఆ చప్పుడు నెలన్నర విన్నాను. ఒక్కనాడూ ఆమె కొట్లాడలేదు. కొట్లాడే పని నాది అనుకునేదో ఏమో.

ఆ రోజుల్లోనే, పోయిన ప్రతి మీటింగులో నేను సైకిళ్ల సంగతి చెప్పాను. డాక్టరు జెండా గద్దె చుట్టూ తిరిగింది చెప్పి నవ్వించాను. ఆడమనిషి కాలు ఎంత పొడుగో ఆడమనిషినే అడగాలని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. బెల్లంపల్లిలో బొగ్గు గనుల ఆడవాళ్ల మీటింగులో, ఊడ్చే పొరక పక్కన పెట్టుకొని కూర్చున్న ఒకామె లేచింది.

"మరి మీ ఇంటామె సైకిలు ఎట్లున్నది అన్నా? మంచిగ నడుస్తున్నదా?"

"మంచిగున్నది అక్కా," అన్నాను.

ఆ మీటింగుకు నేను పోయింది దాని మీదే.

వినాయక చవితి దాటిన వారం, గుట్ట కింది గూడెంలో జ్వరాలు లేచాయి. ఓదెమ్మ పొద్దున్నే పోయి ముప్పై ఒక్క మంది వేళ్లు గుచ్చి, అద్దం ముక్కలు ఆరబెట్టి, డబ్బాలో సర్ది, వెనక క్యారియరుకు కట్టుకొని తిరిగి వస్తోంది. వాగు కల్వర్టు దగ్గర బర్రె అడ్డం వచ్చింది. బ్రేకు పట్టింది. సైకిలు ఆగింది. కాలు దించింది. కాలు అందలేదు. వేలి కొస కింద మొరం జారింది. ఆమె కల్వర్టు మీద పడింది, డబ్బా కింద రాళ్ల మీద పడింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఎడమ మణికట్టుకు కట్టు ఉంది, చీర అంచు చిరిగి ఉంది.

"ఇరిగిందా?"

"ఇరగలేదట. బెణికింది." చెంబెడు నీళ్లూ తాగింది. "అద్దం ముక్కలు ఏడే మిగిలినయి. రేపు మళ్ల పోవాలె. ఇరవై నాలుగు మందిని మళ్ల గుచ్చాలె."

"రెండు రోజులు ఆగి పోరాదు?"

"ఎల్లుండితోని పదిహేను రోజులు నిండుతయి. గూడెం తప్పితే నా పేరు తప్పుతది."

మరునాడు ఆమె సైకిలు ముట్టలేదు. ఒంటిచేతి పని కాదు అది. ఏడు మైళ్లు నడిచింది. సంచి మోయడానికి నేను వెంట పోయాను. గూడెంలో హనుమండ్లు అనే ముసలాయన ఆమెను చూడగానే చెయ్యి వెనక దాచుకున్నాడు.

"నిన్ననే గుచ్చితివి గద సిస్టరమ్మా. గా రక్తం ఏం జేసినవ్? తాగినవా?"

"వాగుల పోసిన తాతా. చేపలు తాగినయి."

"మంచిగున్నదన్నయా?"

"చేదున్నదన్నయి. ఇంకింత తెమ్మన్నయి. చెయ్యి ఇటు తే."

తెచ్చాడు. మిగతావాళ్లూ తిట్టుకుంటూనో నవ్వుకుంటూనో వచ్చారు. చంకలో బిడ్డనెత్తుకున్న ఒకామె మాత్రం నవ్వలేదు, బిడ్డ వేలు రెండోసారి గుచ్చుతుంటే మొఖం పక్కకు తిప్పుకుంది. నేను అద్దం ముక్కలు అందిస్తూ, వేళ్లకు దూది అద్దుతూ కూర్చున్నాను. ఇరవై నాలుగు వేళ్లు. ఆ సూదిపోటు వాళ్లకు రెండోసారి ఎందుకు పడిందో ఆ గూడెంలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇంకో అద్దం ముక్క అందించాను.

కట్టు విప్పాక, వంగిన హ్యాండిలు సరి చేయించడానికి ఇద్దరం నజీరు దగ్గరికి పోయాం. అతను హ్యాండిలును అటూ ఇటూ చూసి సైకిలును లోపలికి తోశాడు. ఓదెమ్మ వెంట పోయింది. నేను బల్ల మీద కూర్చున్నాను. కాసేపు లోపల సుత్తె చప్పుడే వినిపించింది. తర్వాత అదీ ఆగింది.

"గీ సైకిలు ఎవరిది?" ఉమ్రావ్ బేగం గొంతు.

"నాదే అమ్మీ."

"నీది కాదు."

"నాదే. మడుగార్డు మీద పేరు గూడ రాసిండ్రు, చూడు."

"పేరు నీదైతే ఏంది? ఫ్రేము నీది కాదు. గిది బాయీస్. నేను నీకు బీస్ చెప్పిన. ఆగు."

రేకు పెట్టె తెరిచిన చప్పుడైంది. అన్ని దారాలూ దాచిపెట్టిందని అప్పుడే తెలిసింది.

"గిదే నీ ముడి. నిలవడు. మడమ కింద పెట్టు. చూసినవా? నీ కాలు నిన్న మొన్న పెరిగిందా, తరిగిందా? నజీర్! బాయీస్ ఎవరు రాసిండ్రు రా?"

నజీరు నా వైపు చూశాడు.

"ఆఫీసుల ఏదో తప్పు పడ్డట్టున్నది అమ్మీ," అన్నాను నేనే.

నజీరు చేతిలోని గుడ్డతో వేళ్లకంటిన నూనె మెల్లగా తుడుచుకున్నాడు.

"కొండలన్నా," అన్నాడు, లోపలికి వినిపించకుండా. "ఇన్నేండ్ల సంది నువ్వు గా ఆఫీసును తిట్టుడు వింటున్న. ఒక్కనాడు గూడ అబద్ధం అనిపియ్యలే."

ఇంటికి వచ్చాక ఓదెమ్మ చేట తీసుకొని వాకిట్లో కూర్చుంది. బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఎండ ఇంకా ఉంది. నేను గడప మీద కూర్చున్నాను.

"గా లిస్టు రాసింది నువ్వే గద?"

"నేనే."

"అమ్మీ బీస్ అన్నది నేను గూడ విన్న. నువ్వేం రాసినవ్?"

"ఇరవై రెండు."

చేటను ఒకసారి ఎగరేసింది. "ఎందుకు?"

"ఇద్దరికి పనికొస్తదని."

"అడగకపోతివి."

"అడిగితే…"

"అడిగితే సరే అందును." తల ఎత్తలేదు. "నాకు గదే కోపం వస్తున్నది. సరే అందును, గీ నెలన్నర గిట్లనే పడుకుంట లేచుకుంట తిరుగుదును. కాని నా కాళ్లు పొట్టియి అనుకోకపోదును."

ఉపన్యాసానికి ముందు గొంతు సవరించుకునే అలవాటు నాకు. గొంతు సవరించుకున్నాను.

"పోయి ఎసరు పెట్టు," అన్నది. పెట్టాను.

మరునాడు డాక్టరు గదికి పోయాను. జెండా లేకుండా, జనం లేకుండా ఆ గదిలోకి పోవడం అదే మొదలు. సంగతి చెప్పాను.

"తప్పు పోయిందంటే మళ్ల మార్చరని ఆనాడే చెప్పిన గద."

"ఆఫీసు తప్పు ఆఫీసు ఒప్పుకోదు, గందుకు మార్చరు సార్. తప్పు నాదని నేను రాసిస్త."

సీతారాంరావు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "రాసిస్తే నాకు పనికొస్తది. ఒక్క సైకిలు మార్చమని పైన అడిగేందుకు కాగితం దొరుకుతది. నీకే పనికిరాదు. సంఘం సెక్రెటరీ కొలతలు మార్చి రాసిండని ఫైల్ల పడుతది. రేపు నువ్వు ఏ లిస్టు తెచ్చినా గిదే తీసి చూపెడుతరు. నేను చూపెట్టకపోతే నా తర్వాత వచ్చేటాయన చూపెడుతడు. ఇంటికి పోయి ఆలోచించుకో."

"ఆలోచించుకునే వచ్చిన సార్."

అదీ అబద్ధమే. ఆలోచిస్తే రాసేవాణ్ణి కాను. ఆలోచిస్తే సంఘం పరువు అనేవాణ్ణి, ఉద్యమం అనేవాణ్ణి. నిలబడే రాశాను. 'ఓదెమ్మకు ఇరవై ఇంచులు అని చెప్పగా విని, నా వాడకం కోసం ఇరవై రెండు అని రాసింది నేనే.' కింద సంతకం. అంతకంటే చిన్న కాగితం నేను ఎప్పుడూ రాయలేదు.

ఆ వారంలోనే సంఘం మీటింగు. ఆ మాటలు నేనే చదివి వినిపించాను. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది, తిట్లకు జవాబు చెప్పడం నాకు వచ్చు. ఫ్యాను కిందికి జరిగి కూర్చున్న జానకీబాయి కాసేపటికి లేచింది.

"కొండలన్నా, నువ్వు మా కోసం చాన జేసినవ్. లాఠీలు తిన్నవ్. మేము మర్చిపోము. కాని ఇంకోసారి నా కొలత నీ చేతికి ఇయ్య."

అంతే అన్నది. కూర్చుంది. కొత్త సెక్రెటరీగా జానకీబాయి ఉండాలనేవాళ్లను చేతులు ఎత్తమన్నారు. అందరి చేతులూ లేచాయి. ఓదెమ్మ చెయ్యి కూడా లేచింది. ఎడమ చెయ్యి, ఇంకా పూర్తిగా తిరగనిది. కుడిచేత్తో దాన్ని కింది నుంచి పట్టుకొని ఎత్తింది. నేనూ ఎత్తాను.

ఇరవై ఇంచుల సైకిలు దసరా నాలుగు రోజులుందనగా వచ్చింది. ఇరవై రెండు వెనక్కి పోయింది. దసరాకు వస్తుందన్న పర్మనెంటు కాగితం దీపావళి దాటాక వచ్చింది, ఒక్క ఊరూ తప్పలేదని రాసి. ఓదెమ్మ దాన్ని రెండుసార్లు చదివి పెట్టెలో పెట్టి, స్నానం చేసి, ఆ సాయంత్రం నుంచి మరునాడు మధ్యాహ్నం దాకా నిద్రపోయింది. నేను వంట చేసి మూత పెట్టి ఉంచాను. ఆ ఏడు నుంచి మా ఇంట్లో వంట నాది.

కార్తీకంలో ఒకరోజు ఎండ నడినెత్తిన ఉండగా మొరం బాట మీద నడుస్తున్నాను. భుజాన సంచి, సంచిలో కరపత్రాలు. వెనక బెల్లు మోగింది. ఓదెమ్మ మెరక దిగి వస్తోంది, వేగంగానే. నా పక్కకు రాగానే బ్రేకు పట్టింది. సైకిలు నా వైపు కొద్దిగా ఒరిగింది. సీటు మీద నుంచి లేవకుండానే కాలు దించింది. మడమతో సహా పాదం మొత్తం కంకర మీద ఆనింది.

"యాడిదాక?"

"గూడెం దాక. జానకీబాయి పంపింది."

"ఇంక నాలుగు మైళ్లున్నది."

"ఊఁ."

వెనక క్యారియరుకు కట్టిన డబ్బా వైపు చూసింది. "ఎక్కించుకుందును. మొరంల ఇద్దరిని మొయ్యదు."

"వద్దులే. నేను అడగలే."

"తెలుసు," అన్నది. "నువ్వు అడగవు."

ఆ మాట నవ్వుతూ అన్నదో మామూలుగా అన్నదో చూసేలోపే పెడలు మీద కాలు పడింది. నేను సంచి ఇంకో భుజానికి మార్చుకొని నడిచాను.